హోమ్‌స్కూలింగ్‌లో అలసిపోయిన క్రైస్తవ అమ్మకి: రేపటి నుంచి ఏం మార్చుకోవాలో ఒక్కో స్టెప్పు

ఇది హోమ్‌స్కూలింగ్ చేయాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం కాదండీ. ఆల్రెడీ మొదలుపెట్టేసి, కొన్నాళ్లు బాగానే నడిపించి, ఇప్పుడు పొద్దున్నే పుస్తకాల షెల్ఫ్ చూస్తేనే నీరసం వస్తోందే, ఆ అమ్మ కోసం. "అలసిపోయాను" అని ఎవరితోనైనా అంటే మనకి వచ్చే జవాబులు రెండే. చర్చిలో అయితే "ప్రార్థన చేయండి సిస్టర్, ప్రభువే బలపరుస్తాడు". బంధువుల్లో అయితే "ఎవరు చేయమన్నారు, హాయిగా స్కూల్లో వేసేయొచ్చుగా". మొదటిది నిజమే, రెండోది కూడా ఒక్కోసారి నిజం కావచ్చు, కానీ పదకొండు గంటలకి ఒకడు లెక్కల పుస్తకం మీద తల పెట్టుకుని ఏడుస్తూ, పెద్దది "అమ్మా నాది అయిపోయింది ఇప్పుడేం చేయాలి" అని నాలుగోసారి అడుగుతూ, చంకలో చిన్నది జుట్టు పీకుతూ ఉంటే ఆ టైంలో రెండూ పనికిరావు. నా ఉద్దేశంలో ప్రోత్సాహం అనేది టైంటేబుల్లో కనబడాలి. మోస్తున్న బరువు కొంచెం కూడా దించకుండా ధైర్యంగా ఉండు అంటే ఏం లాభం చెప్పండి. అందుకే ఇందులో వాక్యాలుంటాయి, వాటి పక్కనే చేయాల్సిన పని కూడా ఉంటుంది.

స్టెప్ 1: ముందు నిద్ర, తర్వాతే సిలబస్

ఏలీయా సంగతి మనందరికీ తెలిసిందే, 1 రాజులు 19వ అధ్యాయం. కర్మెలు కొండ మీద అంత విజయం చూసిన మనిషి యెజెబెలు రాణి బెదిరింపుకి పారిపోయి బదరీ వృక్షం కింద కూలబడి, ఇంక చాలు ప్రభువా నా ప్రాణం తీసుకో అన్నాడు. అప్పుడు దేవుడు నీ విశ్వాసం ఏమైంది అని అడగలేదు. పడుకోనిచ్చాడు. దూతని పంపి లేపి తినమన్నాడు, పక్కన నీళ్లు పెట్టించాడు. మళ్లీ పడుకుంటే మళ్లీ పడుకోనిచ్చి, రెండోసారి లేపి ఇంకోసారి తినమన్నాడు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అన్న ప్రశ్న ఎప్పుడొచ్చిందంటే, ఆ తిండి బలంతో నలభై రోజులు నడిచి హోరేబు చేరాక. మనం ఈ ఆర్డర్ తిప్పేస్తాం, ముందు మనల్ని మనం ప్రశ్నించుకుని, తిట్టుకుని, ఇంకో కొత్త ప్లానర్ కొనుక్కుని, ఆఖర్లో టైం మిగిలితే పడుకుంటాం.

కాబట్టి ఈ వారం ఒకటే పని. రాత్రి ఎన్నింటికి పడుకున్నారు, మధ్యలో ఎన్నిసార్లు లేచారు, పొద్దున ఎన్నింటికి లేచారు, ఇది రాయండి. వారం అయ్యాక ఆ కాగితం మీవారికి చూపించండి, మాటల్లో చెప్తే అర్థంకాని విషయం కాగితం మీద చూస్తే అర్థమవుతుంది. పాలిచ్చే బిడ్డ ఉన్న అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంట ప్రార్థన చేయాలని ఎవరైనా చెప్తే, నవ్వి ఊరుకోండి. యెషయా 40:11లో కాపరి గురించి ఏమని ఉంది, "పాలిచ్చువాటిని ఆయన మెల్లగా నడిపించును" అనే కదా. ఆయనే మెల్లగా నడిపిస్తుంటే మనకెందుకు పరుగు.

ఇంకో విషయం, ఇది సీరియస్. అలసట వేరు, డిప్రెషన్ వేరు. రెండు వారాలు దాటినా మనసు బాగుపడకపోతే, ఇష్టమైనవి కూడా ఇష్టం లేకుండా పోతే, నిద్ర, ఆకలి తేడాగా ఉంటే, ముఖ్యంగా కాన్పు తర్వాత ఇలా ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. చనిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. ప్రార్థన తక్కువైందని కాదు ఇది. ఏలీయా అంతటివాడే చనిపోవాలనుంది అన్నాడు, ఆయన ప్రార్థన తక్కువ చేశాడని ఎవరం అనం కదా.

స్టెప్ 2: ఎందుకు మొదలుపెట్టారో ఒక కాగితం మీద రాయండి

ఎక్కువ వద్దు, ఐదారు లైన్లు. మీరు, మీవారు విడివిడిగా రాసి తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. "లోకం నుంచి కాపాడాలని" అని మాత్రమే ఉంటే అది ఎక్కువ రోజులు లాగదు, ఎందుకంటే పాపం గేటు బయట ఆగేది కాదు, ఇంట్లో అన్నదమ్ముల మధ్య బొమ్మ దగ్గరే కనబడుతుంది. భయం మనల్ని మొదలుపెట్టిస్తుంది కానీ నడిపించదు. బిడ్డకి ఏం ఇవ్వాలని అనుకుంటున్నారో అది రాయండి. ఈ కాగితం బైబిల్లో పెట్టుకోండి, గోడకి అంటించక్కర్లేదు, వచ్చిన ప్రతివాళ్లూ చదివి సలహా ఇస్తారు.

చట్టం సంగతి కూడా ఈ స్టెప్పులోనే తేల్చేసుకోండి. ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ చేయొచ్చు కానీ రూల్స్ రాష్ట్రానికో రకం, జర్మనీలో అయితే దాదాపుగా ఒప్పుకోరు. మీరుండే చోట రిజిస్టర్ చేయాలా, పరీక్షలు ఎలా రాయించాలి, ఏ వయసులో ఏ సర్టిఫికెట్ కావాలి అనేది ఆఫీసులో అడిగి రాసిపెట్టుకుంటే రాత్రిళ్లు వచ్చే సగం భయాలు అక్కడే పోతాయి.

స్టెప్ 3: "కనీసం రోజు" ఒకటి తయారుచేసుకోండి

మనలో చాలామంది చేస్తున్నది ఏంటంటే స్కూల్ టైంటేబుల్‌ని అచ్చంగా ఇంట్లోకి తెచ్చి పెట్టుకోవడం. ఎనిమిది పీరియడ్లు, బెల్లు ఒక్కటే తక్కువ. స్కూల్లో ముప్పై నలభై మందికి ఒక టీచర్ కాబట్టి హాజరు, లైన్లు, అందరూ రాసేదాకా ఆగడం, వీటికే బోలెడు టైం పోతుంది. ఇంట్లో ఒక బిడ్డ పక్కన మీరు కూర్చుంటే అదే పాఠం చాలా తక్కువ టైంలో అయిపోతుంది. ఐదారేళ్ల పిల్లలకి కూర్చోబెట్టి చెప్పేది రోజుకి గంట, గంటన్నర దాటక్కర్లేదని నా అభిప్రాయం, మిగతాదంతా ఆట, పని, కథలు. వయసు పెరిగే కొద్దీ పెంచుకుంటూ పోవచ్చు.

ఇంగ్లండులో షార్లెట్ మేసన్ అని ఒక క్రైస్తవ విద్యావేత్త ఉండేవారు (1842–1923). చిన్న పిల్లలకి ఏ పాఠమైనా ఇరవై నిమిషాలు దాటకూడదని గట్టిగా చెప్పేవారు. చిన్నగా ఉన్నా పూర్తి శ్రద్ధతో వినాలి, గంటసేపు సాగదీస్తే బిడ్డకి దిక్కులు చూడటం అలవాటవుతుంది అని ఆవిడ వాదన. ఆవిడ దగ్గర నుంచి తీసుకోవాల్సింది ఇంకోటుంది, ఒక భాగం ఒక్కసారే చదివి వినిపించి, పుస్తకం మూసి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అనడం. వర్క్‌షీట్ అక్కర్లేదు, ప్రింటర్ అక్కర్లేదు. దావీదు, గొల్యాతు కథ చదివి చెప్పమంటే ఒకడు రాళ్లు ఎన్నో చెప్తాడు, ఇంకొకతి సౌలు కవచం సరిపోలేదన్న ముక్క పట్టుకుని అక్కడే ఉంటుంది. ఎవరికి ఏం అర్థమైందో, ఏం జారిపోయిందో ఐదు నిమిషాల్లో మీకు తెలిసిపోతుంది.

ఇప్పుడు కనీసం రోజు అంటే ఏంటంటే, ఇంట్లో జ్వరాలున్నా, చుట్టాలొచ్చినా, మీకు తల పగిలిపోతున్నా కూడా జరిగే మూడే మూడు పనులు. కొంచెం వాక్యం, కొంచెం చదవడం, కొన్ని లెక్కలు. అన్నీ కలిపి చిన్న పిల్లలకి నలభై నిమిషాలు. ఇది అయితే ఆ రోజు చదువు అయినట్టే లెక్క, గిల్టీగా ఫీలవ్వక్కర్లేదు. సైన్స్, సోషల్, బొమ్మలు, పాటలు, ఇవన్నీ ఓపిక ఉన్న రోజుల్లో. ఒక రోజు ఆకాశమంత ప్లాన్ వేసి మూడు రోజులు మానేసే కంటే, ప్రతి రోజూ ఈ మూడూ జరిగితే సంవత్సరం చివర్లో బిడ్డ ఎంతో ముందుకెళ్తాడు. ఈ కనీసం రోజుని ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద పెట్టండి, మీరు మంచం మీద ఉన్నా ఇంకొకరు అది చూసి నడిపించేట్టు ఉండాలి.

స్టెప్ 4: వాక్యం

ద్వితీయోపదేశకాండము 6:7 మనకి కంఠతా వచ్చు. "నీ యింట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును పండుకొనునప్పుడును లేచునప్పుడును". నాలుగు సందర్భాలు చెప్పాడు, నాలుగూ మనం ఎలాగూ చేసే పనులే, కొత్తగా టైం పుట్టించక్కర్లేదు. లేవగానే ఒక కీర్తన, కూర్చున్నప్పుడు ఒక భాగం చదవడం, నడుస్తూ కబుర్లు, పడుకునేటప్పుడు ప్రార్థన. పొద్దున బైబిల్ టైం ముప్పావు గంట పెట్టి పిల్లలు కదిలితే అరిచి, ఆ అరుపుతోనే ఆమెన్ చెప్పించే బదులు పది నిమిషాలు పెట్టి వాళ్లకి ఇంకా వినాలనిపించినప్పుడే ఆపేయండి.

కంఠత వాక్యాలకి ఒక పద్ధతి చెప్తాను, డబ్బులు ఖర్చు లేదు, చాలా కుటుంబాలు వాడేదే. ఒక చిన్న డబ్బా, అందులో పట్టే అట్టముక్కలు. మధ్యలో అడ్డం పెట్టడానికి 41 గట్టి అట్టలు కావాలి. ఒకదాని మీద "రోజూ" అని, రెండిటి మీద "సరి", "బేసి" అని, ఏడిటి మీద వారాల పేర్లు, మిగతా 31 మీద తేదీలు. కొత్త వాక్యం ఒక అట్ట మీద రాసి "రోజూ" వెనకాల పెట్టండి. తడుముకోకుండా వచ్చేశాక దాన్ని సరికో బేసికో మార్చండి, అక్కడ కూడా గట్టిపడ్డాక ఏదో ఒక వారం వెనకాలకి, ఆ తర్వాత ఏదో ఒక తేదీ వెనకాలకి. ఇవాళ 14వ తేదీ బుధవారం అనుకోండి, రోజూ, సరి, బుధవారం, 14, ఈ నాలుగు చోట్ల ఉన్నవి చెప్పించుకుంటే అయిపోయింది, ఐదు పది నిమిషాల పని. పాత వాక్యాలు మర్చిపోవడం ఉండదు, ఎందుకంటే దాదాపు నెలకొకసారైనా ప్రతిదీ తిరిగి వస్తుంది. మన బైబిల్ భాష పిల్లలకి కొంచెం కష్టంగా ఉంటుంది కాబట్టి ముందు మామూలు మాటల్లో అర్థం చెప్పి, ఒక ఉదాహరణ ఇచ్చి, అప్పుడు కంఠతం పెట్టించండి. ఒక్కటి మాత్రం వద్దు, అల్లరి చేసినందుకు శిక్షగా వాక్యం యాభైసార్లు రాయించడం. తేనెకంటె మధురం అని చెప్తూ ఇంపోజిషన్ కింద వాడితే బిడ్డ ఏది నమ్మాలి.

భర్త ఇంకా ప్రభువుని ఎరగని అక్కలు ఉంటారు, వాళ్లకి ఈ స్టెప్పు గుండెల్లో ముల్లులా ఉంటుంది, కుటుంబ ప్రార్థన ఎవరు నడిపించాలి అని. తిమోతి ఇల్లు చూడండి. తండ్రి గ్రీసు దేశస్థుడు అని మాత్రమే ఉంది అపొస్తలుల కార్యములు 16:1లో. విశ్వాసం ఎవరి దగ్గర నుంచి వచ్చిందంటే అమ్మమ్మ లోయి, అమ్మ యునీకే. "బాల్యమునుండి" పరిశుద్ధ లేఖనాలు ఎరుగుదువు అని పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరంలో అన్నాడు. అంటే ఆ ఇద్దరు ఆడవాళ్లు చెప్పిన పాఠాలు సరిపోయాయన్నమాట.

స్టెప్ 5: ఏడుపొచ్చే పాఠాన్ని విప్పి చూడండి

బిడ్డ ఒకే పాఠం దగ్గర మూడు రోజులు ఏడుస్తున్నాడంటే బద్ధకం అని ముద్ర వేసేముందు పుస్తకం పక్కన పెట్టి, తప్పు ఎక్కడ పుడుతోందో చూడాలి. ఉదాహరణకి 52లోంచి 38 తీసేయమంటే వాడు 26 అని రాశాడు. తప్పు అని ఎర్ర గీత కొట్టి ఇంకో పది లెక్కలు ఇస్తే పదీ అలాగే చేస్తాడు. "నాకు చెప్తూ చెయ్యి నాన్నా" అనండి. వాడు చెప్తాడు, ఎనిమిదిలోంచి రెండు తీస్తే ఆరు, ఐదులోంచి మూడు తీస్తే రెండు. అంటే వాడికి తీసివేత వచ్చు, పైది చిన్నగా ఉంటే తిరగేసేస్తున్నాడు, అంతే. ఇప్పుడు పుల్లలు తీసుకోండి. పదేసి పుల్లలు రబ్బర్ బ్యాండు వేసి ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు. "ఇందులోంచి ఎనిమిది విడి పుల్లలు ఇవ్వు" అనండి. రెండే ఉన్నాయి అంటాడు. మరేం చేద్దాం అని అడిగి ఊరుకోండి, ఆ ఊరుకోవడమే కష్టం మనకి. కాసేపటికి వాడే ఒక కట్ట విప్పుతాడు. ఇప్పుడు విడివి పన్నెండు, కట్టలు నాలుగు. ఎనిమిది ఇచ్చేస్తే నాలుగు మిగిలాయి, మూడు కట్టలు ఇచ్చేస్తే ఒకటి మిగిలింది, పద్నాలుగు. అప్పు తెచ్చుకోవడం అని మనం చిన్నప్పుడు అర్థం లేకుండా గీసి ఒకటి వేసేవాళ్లం చూడండి, అది ఇక్కడ వాడి చేతిలో జరిగింది. ఆ రోజు పుస్తకం తెరవక్కర్లేదు, పుల్లలతోనే నాలుగు లెక్కలు చేయించి వదిలేయండి.

చదవడం విషయంలో కూడా అంతే, కొందరు ఐదేళ్లకే చదివేస్తారు, కొందరికి ఏడు దాటుతుంది, పక్కింటి పిల్లతో పోల్చి కంగారు పడొద్దు. కానీ "ప్రభువు టైంలో వస్తుందిలే" అని మరీ వదిలేయడం కూడా కరెక్ట్ కాదు. కంటి పరీక్ష, చెవి పరీక్ష తప్పకుండా చేయించండి. రోజూ కూర్చోబెట్టి చెప్తున్నా అక్షరాలకి శబ్దాలు కలపలేకపోవడం, నిన్న చదివిన మాట ఇవాళ కొత్తగా కనబడటం, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండటం, ఇవి గమనిస్తే డిస్‌లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య) గురించి తెలిసిన స్పెషలిస్టుకి చూపించండి. అది తెలివి తక్కువ కాదు, నేర్పే పద్ధతి మారాలి అంతే.

స్టెప్ 6: నలుగురు నాలుగు వయసుల వాళ్లు ఉంటే

కలపగలిగినవన్నీ కలిపేయండి. బైబిల్, చరిత్ర, సైన్స్, కథలు అందరికీ ఒకేసారి, చిన్నవాడు బొమ్మ గీస్తాడు, పెద్దది పేజీ రాస్తుంది. లెక్కలు, చదవడం మాత్రం ఎవరిది వాళ్లకి. పిల్లలు పిలిచేవన్నీ ఒకేసారి మీద పడకుండా, "అమ్మ ఒకరికి చెప్తుంటే మిగతావాళ్లు ఏం చేయాలి" అనేది ముందే తేల్చి పెట్టండి, తెలియని లెక్క వదిలేసి తర్వాతది చేయడం, లేదా చదువుకునే పుస్తకం తీయడం. పసివాడికి మాత్రం పాఠాల టైంలోనే బయటికి తీసే బొమ్మల డబ్బా ఒకటి ఉంచండి, మిగతా టైంలో అది కనబడకూడదు, కనబడిందా దాని పవర్ పోయినట్టే.

ఇక్కడ సుసన్నా వెస్లీ గురించి చెప్పకుండా ఎలా. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీల అమ్మ (1669–1742). పంతొమ్మిది మంది పుడితే పెద్దయ్యింది పది మంది. ఐదేళ్లు నిండాక అక్షరాలు మొదలుపెట్టి, ఆ తర్వాత ఆదికాండము మొదటి అధ్యాయం మొదటి వచనంతోనే చదవడం నేర్పేవారు. రోజుకి ఆరు గంటలు పాఠాలు. 1709లో ఇల్లు కాలిపోయి పిల్లల్ని వేరే వేరే ఇళ్లలో ఉంచాల్సి వస్తే, తిరిగొచ్చేసరికి వాళ్ల అలవాట్లన్నీ చెడిపోయి ఉన్నాయి, మళ్లీ మొదట్నుంచి దారిలో పెట్టుకున్నారు. ఆవిడ పేరు చెప్పి మన మీటింగుల్లో అమ్మల్ని కంగారు పెడుతుంటారు, చూశారా ఆవిడ ఎలా చేసిందో అని. అమ్మా, ఆవిడ ఇంట్లో పనివాళ్లు ఉండేవాళ్లు, అది ఎవరూ చెప్పరు. అలాగని అప్పులు, జబ్బులు, చనిపోయిన బిడ్డలు, భర్తతో గొడవలు, ఇవన్నీ ఆవిడకీ ఉన్నాయి. ఆరు గంటల టైంటేబుల్ మనకెందుకు, ఒక్కటి మాత్రం తీసుకుందాం. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో విడిగా కూర్చునేవారు. సోమవారం మాలీ, మంగళవారం హెట్టీ, ఇలా, గురువారం జాకీ అంటే మన జాన్ వెస్లీ. 1712లో భర్తకి రాసిన ఉత్తరంలో ఈ లిస్టు ఉంది. చాలా ఏళ్ల తర్వాత జాన్ పెద్దవాడై, ఆ గురువారం సాయంత్రాలని గుర్తుచేస్తూ అమ్మకి రాశాడు. ఆ సాయంత్రాలు ఆయన మనసులో అంత నాటుకుపోయాయి.

కాబట్టి మీ క్యాలెండర్లో కూడా ఒక్కో బిడ్డకి ఒక రోజు రాసి పెట్టండి, పదిహేను నిమిషాలు చాలు, ఫోన్ వేరే గదిలో. చదువు గురించి అడగొద్దు. "ఈ వారం నీకు దేనికి భయమేసింది" అని అడిగి చూడండి, లేదా ఏమీ అడక్కుండా కలిసి ఏదైనా పని చేయండి, ఆడుకోండి. మొదటి రెండు మూడు వారాలు వాళ్లేం మాట్లాడరు, అది మామూలే.

స్టెప్ 7: అరిచేసిన తర్వాత

అరుస్తాం. అందరం. ఆ తర్వాత ఏం చేస్తామన్నదే ముఖ్యం. ముందు పుస్తకం మూసేయండి, ఆ మూడ్‌లో ఏ పాఠమూ ఎక్కదు. మొహం కడుక్కుని వచ్చి బిడ్డ ఎత్తుకి కూర్చుని, "నేను అలా అరవడం తప్పు. నన్ను క్షమించు" అనండి, అక్కడితో ఆపండి. "నువ్వు అలా చేశావు కాబట్టి" అని వెనకాల తోక తగిలిస్తే అది క్షమాపణ కాదు. తర్వాత బిడ్డతో కలిసి చిన్న ప్రార్థన. ఇలా చేస్తే పిల్లల దగ్గర చులకన అయిపోతామని పెద్దవాళ్లు అంటారు, నేను ఒప్పుకోను. పాప క్షమాపణ గురించి మనం చెప్పే పాఠం వాళ్లకి అర్థమయ్యేది ఇక్కడే.

అరుపులు రోజూ ఒకే టైంలో వస్తుంటే మాత్రం అది ఆత్మీయ సమస్య కంటే ముందు టైంటేబుల్ సమస్య. ఆ టైంలో ఉన్న సబ్జెక్టు తీసి పొద్దున్నకి మార్చండి, అక్కడ ఆట పెట్టండి.

స్టెప్ 8: ఒక సబ్జెక్టు పూర్తిగా నాన్నకి

ఎఫెసీయులకు 6:4 ఎలా మొదలవుతుందో గుర్తుందా, "తండ్రులారా" అని. అక్కడ పిల్లల్ని ప్రభువు శిక్షలోనూ బోధలోనూ పెంచమని చెప్పింది వాళ్లకి. మనమేమో అంతా మనమే ఎత్తుకుని, సాయంత్రం ఆయన రాగానే మొహం మాడ్చుకుని ఉంటాం. "కొంచెం హెల్ప్ చేయండి" అంటే ఏం చేయాలో వాళ్లకి తెలీదు. "వారానికి మూడు రోజులు సైన్స్ మీది, పుస్తకం ఇది, రాత్రి ఏడున్నర" అని చెప్పండి. ఇచ్చాక వెనకాల నిలబడి సరిదిద్దొద్దు. ఆయన మీలా చెప్పరు, చెప్పక్కర్లేదు. మోషేకి మామ యిత్రో చెప్పింది కూడా ఇదే కదా, ఈ పని నీకు చాలా భారం, ఒక్కడివే చేయలేవు, పంచు అని.

భర్త దూరంగా ఉద్యోగం చేస్తున్నా, లేదా ఒంటరిగా పెంచుతున్నా, ఫోన్లో చదివి వినిపించే తాతయ్య, ఆన్‌లైన్ క్లాసు, సంఘంలో లెక్కలు బాగా వచ్చిన ఒక కాలేజీ అమ్మాయి, ఎవరో ఒకరికి ఒక ముక్క ఇవ్వండి. ఇంకో హోమ్‌స్కూల్ అమ్మ తెలిసి ఉంటే ఇంకా మంచిది, ఆవిడ పిల్లలకి మీరు లెక్కలు, మీ పిల్లలకి ఆవిడ ఇంగ్లిషు. పేర్లు పెట్టి ఒకరి కోసం ఒకరు ప్రార్థన చేసుకోండి, వంద మంది ఉన్న గ్రూపులో ప్రేయర్ రిక్వెస్ట్ పెట్టడం కంటే ఆ ఒక్క ఫ్రెండు వెయ్యి రెట్లు మేలు.

స్టెప్ 9: బంధువుల ఇంటర్వ్యూలు, ఫోన్లో కనబడే గదులు

ఎవరో ఒకరు వచ్చి అందరి ముందు బిడ్డని పట్టుకుని "పదిహేడో ఎక్కం చెప్పు" అంటారు. బిడ్డ బిక్కమొహం వేస్తాడు, మీకు ఒళ్లు మండుతుంది. అప్పుడు ఒక్క మాట రెడీగా పెట్టుకోండి: "పిన్నీ, వాడు ఇప్పుడు గ్రహాల గురించి చదువుతున్నాడు, అది అడగండి, బాగా చెప్తాడు." గొడవ లేదు, బిడ్డ పరువు నిలబడుతుంది. వాదనకి దిగొద్దు, హోమ్‌స్కూలింగ్ ఎందుకు గొప్పదో నిరూపించే బాధ్యత మనకి లేదు.

ఫోన్లో చెక్క షెల్ఫులు, తెల్ల గోడలు, నవ్వుతున్న పిల్లలు కనబడతారు. చూసి బాధేస్తుంటే అన్‌ఫాలో చేసేయండి, అంతే.

స్టెప్ 10: రోజుకి మూడు లైన్ల నోట్‌బుక్

తారీఖు వేసి ఏం చదివాం, ఏది కుదిరింది, దేనికి దేవునికి స్తోత్రం. మూడు లైన్లు, అంతకుమించి వద్దు. నెలకొకసారి, ఒకే తేదీన, ప్రతి బిడ్డ చేత ఒకే పని చేయించండి, ఒక పేరా రాయించడం, ఒక పేజీ గట్టిగా చదివించి రికార్డ్ చేయడం. అవి ఒక ఫైల్లో పెట్టండి. ఏమీ నేర్పలేకపోతున్నాను అనిపించే రోజు వస్తుంది, తప్పకుండా వస్తుంది, ఆ రోజు మొదటి నెల కాగితం, ఈ నెల కాగితం పక్కపక్కన పెట్టి చూడండి. "అలయక మేలు చేసితిమేని తగినకాలమందు పంట కోతుము" అని గలతీయులకు 6:9లో ఉంది కదా, ఆ ఫైల్లో మొలకలు కనబడతాయి. పైగా ఎవరైనా అధికారులు అడిగినా, రేపు ఏదైనా స్కూల్లో అడ్మిషన్ కావాలన్నా ఇదే పనికొస్తుంది.

స్టెప్ 11: ఏడాదికోసారి, వదిలేయడం గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోండి

ప్రతి బిడ్డ విషయంలో విడిగా, ఇంకో ఏడాది కొనసాగించాలా అని మీరిద్దరూ ప్రార్థన చేసి కూర్చోండి. బిడ్డని కూడా అడగండి. నీరసంగా ఉన్న నెలలో మాత్రం ఈ నిర్ణయం తీసుకోవద్దు. మీ ఆరోగ్యం, ఇంటి పరిస్థితి, బిడ్డ అవసరం ఇవన్నీ చూసి స్కూల్లో వేయాలని తేలితే, అది ఓటమి కాదు, పిలుపులోంచి పారిపోవడం అంతకన్నా కాదు. దానియేలు బబులోను విద్య మూడేళ్లు చదివాడు, అయినా ప్రార్థన మానలేదు.

అలా వేయాలనుకుంటే కనీసం రెండు మూడు నెలల ముందు నుంచి కొన్ని అలవాటు చేయండి. గడియారం పెట్టి రాయడం, ఎందుకంటే ఇంట్లో చదివిన పిల్లలకి విషయం తెలిసినా టైంకి పూర్తి చేసే అలవాటు ఉండకపోవచ్చు. బోర్డు మీద చూసి రాసుకోవడం. చేయి ఎత్తి, తన వంతు వచ్చేదాకా ఆగడం. ఆ స్కూల్ వాళ్లు వాడే పుస్తకాలు ముందే తెచ్చి, లెక్కల్లో, భాషల్లో ఏ పాఠాలు మనం ముట్టుకోలేదో గుర్తుపెట్టి అవి ముందు పూర్తి చేయండి. టీచర్‌ని కలిసినప్పుడు ఆ ఫైలు తీసుకెళ్లి, బిడ్డకి ఏది బాగా వచ్చు, ఎక్కడ తడబడతాడు అనేది మీరే ముందుగా చెప్పేయండి, వాడి ముందు కాదు, విడిగా.